డిస్కో ఎప్పుడు, సింథ్-పాప్ ఎప్పుడు: పాత పాశ్చాత్య డ్యాన్స్ హిట్‌లలో ఏది ఎంచుకోవాలి?

పాత పాశ్చాత్య డ్యాన్స్ పాటలతో ఒక గంటకు సరిపడా జాబితా తయారు చేయమంటే చాలామంది తమకు గుర్తున్న పేర్లన్నీ రాసుకుంటూ పోతారు. అబ్బా, బోనీ ఎం, బీజీస్, మైకేల్ జాక్సన్, మోడరన్ టాకింగ్. వాటిలో తీసిపారేయాల్సిన పాట ఒక్కటీ ఉండదు. అయినా నాలుగో పాటకల్లా జనం కుర్చీలు వెతుక్కుంటారు. తప్పు ఎక్కువగా వరుసలోనే ఉంటుంది. ఇంట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని ప్రాణంలా వినే పాట నలుగురి మధ్య కాలు కదపనివ్వకపోవచ్చు. రేడియోలో వస్తే విసుక్కునే పాట హాలంతటినీ లేపి నిలబెట్టవచ్చు.

ఇక్కడ పోల్చేవి 1976 నుంచి 1986 మధ్య వచ్చిన పాటలు. మొదటి సగం డిస్కోది, రెండో సగం సింథ్-పాప్‌ది, అంటే సింథసైజర్ అనే విద్యుత్ వాద్యం, డ్రమ్ యంత్రాల మీద కట్టిన పాటలది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: కూర్చున్నవాళ్లను లేపడానికి డిస్కో కావాలి, లేచినవాళ్లను కూర్చోనివ్వకుండా ఉంచడానికి సింథ్-పాప్ కావాలి. రెండింటినీ కలగాపులగం చేస్తే రెండూ పనిచేయవు.

ఈ తేడా దరువు పుట్టిన తీరులో ఉంది. డిస్కో దరువుకు రూపం ఇచ్చినవాడిగా ఫిలడెల్ఫియా డ్రమ్మర్ ఎర్ల్ యంగ్ పేరు చెబుతారు. 1973లో హెరాల్డ్ మెల్విన్ అండ్ ది బ్లూ నోట్స్ బృందం పాడిన 'ది లవ్ ఐ లాస్ట్' వినండి. నాలుగు మాత్రలకూ నాలుగుసార్లు కింద బేస్ డ్రమ్ పడుతుంది. ఆ దెబ్బల మధ్య ఖాళీల్లో పైన హై-హ్యాట్ తాళం తెరుచుకుని 'చిస్' అంటుంది. కింది దెబ్బ పాదానికి, పై చప్పుడు భుజానికి. లెక్క పెట్టడం తెలియనివాళ్లకు కూడా అడుగు ఎప్పుడు వేయాలో శరీరానికే తెలుస్తుంది. దాని మీద వయొలిన్లు, ట్రంపెట్లు, పాటకు దీటుగా నడిచే బేస్ గిటార్. వాయించేది మనుషులు కాబట్టి నడకలో చిన్న చిన్న ఒడుదొడుకులు ఉంటాయి. పల్లవి దగ్గర దరువు వెంట్రుకవాసి ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపు వినేవాడిని కూడా ముందుకు తోస్తుంది.

సింథ్-పాప్‌లో ఆ తోపు ఉండదు. 1980లో లిన్ ఎల్‌ఎం-1, రోలాండ్ టీఆర్-808 అనే డ్రమ్ యంత్రాలు మార్కెట్లోకి వచ్చాయి. మొదటిదాని ఖరీదు దాదాపు 5,000 డాలర్లు, అంటే డబ్బున్న స్టూడియోలకే. యంత్రం మొదటి సెకనులో ఎంత వేగంతో కొట్టిందో ఆఖరి సెకనులోనూ అంతే వేగంతో కొడుతుంది. అప్పటికే ఆడుతున్నవాడికి అది వరం, ఎందుకంటే శరీరం ఒకసారి పట్టుకున్న లయను మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. కుర్చీలో కూర్చున్నవాడికి మాత్రం అదే దరువు చల్లగా, తనతో పనిలేనట్టుగా వినిపిస్తుంది.

ఈ రెండు కాలాలకూ మధ్య ఒక విచిత్రమైన రాత్రి ఉంది. 1979 జులై 12న షికాగోలోని కమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో స్టీవ్ డాల్ అనే రేడియో వ్యాఖ్యాత ఆధ్వర్యంలో డిస్కో రికార్డులను కుప్పపోసి పేల్చేశారు. జనం మైదానంలోకి దూసుకురావడంతో ఆ రాత్రి జరగాల్సిన రెండో ఆటను ఆతిథ్య జట్టు వదులుకోవాల్సి వచ్చింది. డిస్కోను ప్రాణం పెట్టి నడిపింది నల్లజాతివారు, లాటినోలు, స్వలింగ సంపర్కులు కాబట్టి ఆ ద్వేషం సంగీతం మీదే కాదని అప్పుడే కొందరు అన్నారు. అమెరికా రేడియోలో డిస్కో అనే పేరు ఆ తర్వాత మాయమైంది. దరువు మాత్రం అట్లాంటిక్ దాటి షెఫీల్డ్, మాంచెస్టర్, లీడ్స్ కుర్రాళ్ల యంత్రాల్లోకి చేరింది.

వేగం కొలవడం

ఎంపికకు ముందు ఒక్క పని నేర్చుకుంటే చాలు. గడియారం చూస్తూ 15 సెకన్లలో ఎన్ని దరువులు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 26 వస్తే నిమిషానికి 104, 29 వస్తే 116, 32 వస్తే 128. గంట జాబితా 100 దగ్గర మొదలై 130 దగ్గరికి చేరాలి, పాటకూ పాటకూ మధ్య ఎగుడు పది దరువులు మించకూడదు. 104 మీద ఊగుతున్నవాళ్ల మీద ఒక్కసారిగా 128 పాట పడేస్తే సగం మంది ఆగిపోయి ముఖాలు చూసుకుంటారు. వెనక్కి, అంటే వేగం నుంచి నెమ్మదికి రావాల్సి వస్తే అందరికీ తెలిసిన పాటతోనే రావాలి.

మొదటి పావుగంట: 'డాన్సింగ్ క్వీన్' ముందా, 'స్టేయిన్ అలైవ్' ముందా?

రెండూ నెమ్మది పాటలే. అబ్బా పాట వేగం నిమిషానికి 100కు కాస్త అటూ ఇటూ, బీజీస్ పాట 104 దగ్గర. రెండింటి స్వభావాలు వేరు.

'డాన్సింగ్ క్వీన్' 1976 జూన్‌లో స్వీడన్ రాజు పదహారవ కార్ల్ గుస్టాఫ్ పెళ్లికి ముందు రాత్రి జరిగిన వేడుకలో ప్రదర్శించిన పాట. పియానో మీటల మీద వేలు జారిన చప్పుడుతో మొదలై నేరుగా పల్లవి మధ్యలోకి దించుతుంది. చరణం కోసం ఆగాల్సిన పని ఉండదు. మొదటి ఐదు సెకన్లలోనే ఎవరైనా గుర్తుపడతారు. గొంతుల కింద ఒక రకమైన దిగులు కూడా ఉంటుంది, అందుకే నలభై దాటినవాళ్లు ఈ పాటకు తప్పకుండా లేస్తారు. చిక్కల్లా ఏమిటంటే, లేచినవాళ్లు ఆడటం కంటే చేతులు ఊపుతూ పాడటం ఎక్కువ.

'స్టేయిన్ అలైవ్' కథ ఇంకా ముచ్చటైనది. 1977లో బీజీస్ పారిస్‌కు దూరంగా ఒక పాత కోట స్టూడియోలో రికార్డు చేస్తుండగా డ్రమ్మర్ డెనిస్ బ్రయన్ కుటుంబ కారణాల వల్ల ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. మరో పాట 'నైట్ ఫీవర్' కోసం అతను వాయించిన దరువు నుంచి చిన్న ముక్క కోసి, టేపును వలయంలా అతికించి, అదే తిరుగుతూ ఉంటే దాని మీద పాట కట్టారు. ఆల్బమ్ మీద డ్రమ్మర్ పేరు 'బెర్నార్డ్ లూప్' అని వేశారు, లేని మనిషి. మనిషి వాయించిందే, యంత్రంలా తిరుగుతుంది. నడుస్తున్నట్టుండే ఆ లయ ఎంత స్థిరమైనదంటే, గుండె ఆగినవారి ఛాతీని నొక్కే వేగం నేర్పడానికి ఈ పాటను ఉదాహరణగా చెబుతారు. అక్కడ కావలసింది నిమిషానికి 100 నుంచి 120.

మొదట 'స్టేయిన్ అలైవ్', రెండో పాటగా 'డాన్సింగ్ క్వీన్' పెట్టమంటాను. మొదటిదానికి ఆడటం రానవసరం లేదు, నడవడం వస్తే చాలు. గోడకు ఆనుకుని నిలబడ్డ మగవాళ్లు హాలు మధ్యకు నడిచొచ్చే పాట అది. వచ్చాక అక్కడ ఉంచడానికి అబ్బా. తర్వాత 110 దగ్గర క్వీన్ బృందపు 'అనదర్ వన్ బైట్స్ ది డస్ట్' గానీ, షీక్ బృందపు 'గుడ్ టైమ్స్' గానీ పెట్టవచ్చు. క్వీన్ బేస్ గిటారిస్ట్ జాన్ డీకన్ 1980 పాటలో వాయించిన బాణీ, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ 1979లో 'గుడ్ టైమ్స్' కోసం వాయించిన బాణీకి దగ్గర చుట్టం కాబట్టి రెండూ పక్కపక్కన పెడితే ఒకే పాట రెండుసార్లు విన్నట్టు ఉంటుంది. ఒక్కటే ఉంచండి. రాక్ సంగీతం అభిమానులు ఎక్కువగా ఉంటే క్వీన్. లేదంటే షీక్, ఎందుకంటే దాంట్లో గాలి ఉంది, నవ్వు ఉంది.

షీక్ పేరు ఎత్తాం కాబట్టి 'లె ఫ్రీక్' సంగతి కూడా. 1977 ఆఖరి రాత్రి షీక్ బృందపు నైల్ రాడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ ఇద్దరూ గాయని గ్రేస్ జోన్స్ పిలిస్తే న్యూయార్క్‌లోని స్టూడియో 54 అనే నైట్‌క్లబ్బుకి వెళ్లారు. వాకిట్లో కాపలాదారు లోపలికి పోనివ్వలేదు. కోపంతో ఇంటికొచ్చి, అతన్ని తిడుతూ గిటార్లు పట్టుకుని వాయించుకున్న పాటే, తిట్టు మార్చాక, మరుసటి ఏడాది అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. వేగం 120. ఇది మొదటి పావుగంటలో కాకుండా అరగంట దాటాక, 'సెప్టెంబర్' వంటి పాటలకు ముందు మెట్టుగా బాగుంటుంది.

అందరూ గొంతు కలపడానికి: 'ఐ విల్ సర్వైవ్' లేక 'డోంట్ యూ వాంట్ మి'?

ఇవి వేగంలో సమానం, రెండూ 117, 118 దగ్గర. గ్లోరియా గేనర్ 'ఐ విల్ సర్వైవ్' 1978లో 'సబ్‌స్టిట్యూట్' అనే పాటకు వెనకవైపు పాటగా వచ్చింది. కంపెనీ అమ్మాలనుకున్నది ముందువైపు పాటను. క్లబ్బుల్లో పాటలు వేసేవాళ్లు రికార్డు తిప్పి వేయడంతో వెనకవైపే లోకానికి తెలిసింది. కిందపడి వెన్నుకు శస్త్రచికిత్స జరిగాక నడుముకు పట్టీ కట్టుకుని పాడిన పాట కాబట్టి ఆ గొంతులోని పంతం నటన కాదు. ఉత్తమ డిస్కో రికార్డింగ్‌కు గ్రామీ అవార్డు ఒకే ఒక్క ఏడాది, 1980లో ఇచ్చారు, అది దీనికే దక్కింది.

'డోంట్ యూ వాంట్ మి' షెఫీల్డ్ బృందం హ్యూమన్ లీగ్‌ది, 1981. ఆ ఏడాది బ్రిటన్ క్రిస్మస్ వారంలో మొదటి స్థానంలో నిలిచింది. గాయకుడు ఫిలిప్ ఓకీకి ఇది నచ్చలేదు, అందుకే ఆల్బమ్‌లో చిట్టచివరకు నెట్టించాడు. పాటలో మగ గొంతు ఒక వాదన చెబుతుంది, ఆడ గొంతు దాన్ని తిప్పికొడుతుంది. ఆ ఆడ గొంతు సూసన్ ఆన్ సల్లీది. ఓకీ ఆమెను, ఆమె స్నేహితురాలిని ఒక నైట్‌క్లబ్బులో డ్యాన్స్ చేస్తుండగా చూసి బృందంలోకి తీసుకున్నాడు. వృత్తి గాయని కాకపోవడమే ఇక్కడ బలం, ఎవరైనా ఆమెతో కలిసి పాడగలరు.

ఒకటే పెట్టే చోటు ఉంటే, గుంపులో ఆడవాళ్లు ఎక్కువ ఉన్నప్పుడు గేనర్, జంటలు ఎక్కువ ఉన్నప్పుడు హ్యూమన్ లీగ్. గేనర్ పాటలో ఒక జాగ్రత్త: మొదట్లో దరువు లేకుండా పియానో మీద నెమ్మదిగా సాగే కొన్ని వాక్యాలు ఉంటాయి. ఆడుతున్నవాళ్లు అక్కడ ఆగిపోతారు. ఆ ఆగడాన్ని వాడుకోవాలి, అందరూ ఊపిరి పీల్చుకుని పాట అందుకునే చోటు అది. గుంపు ఇంకా వేడెక్కనప్పుడు పెడితే మాత్రం అదే ఖాళీలో జనం నీళ్ల వైపు జారుకుంటారు.

మైకేల్ జాక్సన్ పాటల్లో ఏది పెట్టాలో అని పెద్దగా ఆలోచించనక్కర్లేదు. 'బిల్లీ జీన్' (ఆల్బమ్ 1982, విడిగా 1983) వింటే డ్రమ్మర్ న్డుగు చాన్స్‌లర్ వాయించిన దరువు, లూయిస్ జాన్సన్ బేస్ ఒళ్లు జలదరింపజేస్తాయి. పిల్లలు మూన్‌వాక్ ప్రయత్నిస్తారు, పెద్దలు చుట్టూ నిలబడి చూస్తారు. చూడటం మొదలైతే ఆట ఆగినట్టే. అందరూ ఆడాలంటే 1979 నాటి 'డోంట్ స్టాప్ టిల్ యూ గెట్ ఇనఫ్' మేలు.

మూడు తరాలు కలిసిన చోట

తాతలు, పిల్లలు ఒకే హాల్లో ఉన్నప్పుడు పోటీ మూడింటి మధ్య: విలేజ్ పీపుల్ వారి 'వై.ఎం.సి.ఎ.', ఎర్త్ విండ్ అండ్ ఫైర్ వారి 'సెప్టెంబర్', బోనీ ఎం వారి 'రస్‌పుటిన్'. మూడూ 1978వే, మూడూ 126, 127 దగ్గరే నడుస్తాయి.

'వై.ఎం.సి.ఎ.'లో చేతులతో అక్షరాలు చేసే ఆట బృందం కనిపెట్టింది కాదు. 1979లో అమెరికన్ బ్యాండ్‌స్టాండ్ టీవీ కార్యక్రమంలో ప్రేక్షకులుగా వచ్చిన కుర్రాళ్లు చేస్తే గాయకులు చూసి నేర్చుకున్నారు. నాలుగు అక్షరాలు తెలిస్తే చాలు, ఆరేళ్ల పిల్ల కూడా చేస్తుంది. పల్లవి అయిపోయి చరణం వస్తే మాత్రం ఏం చేయాలో ఎవరికీ తోచదు. పాటంతా తర్వాతి పల్లవి కోసం కాచుకోవడమే. ఒకసారికి సరే, రెండోసారి ఎవరైనా అడిగితే వినపడనట్టు ఉండండి.

'సెప్టెంబర్' నా లెక్కలో ఈ మొత్తం పదేళ్లలో అందరినీ కలుపుకుపోయే పాట. పల్లవిలో ఉన్నవి అర్థం లేని అక్షరాలు. పాట రాసినవాళ్లలో ఒకరైన ఆలీ విల్లిస్ వాటి బదులు అసలు మాటలు పెడదామని పట్టుబట్టింది. బృంద నాయకుడు మారిస్ వైట్ ఒప్పుకోలేదు. అతనే గెలవడం మంచిదైంది: ఇంగ్లీషు రానివాళ్లు కూడా మొదటిసారి వినగానే పల్లవి అందుకుంటారు, తందనాన అందుకున్నంత సులువుగా. అల్ మెకే గిటార్ బాణీ పాట మొదలైన క్షణం నుంచి చివరి దాకా ఒక్కచోట కూడా చతికిలబడదు, చరణంలోనూ ఆట సాగుతుంది.

'రస్‌పుటిన్' పిల్లల పాట. రష్యన్ నృత్యంలా మోకాళ్లు వంచి కాళ్లు విసరాలని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బోనీ ఎం సృష్టికర్త జర్మనీకి చెందిన ఫ్రాంక్ ఫారియన్. వేదిక మీద గెంతులేసిన బాబీ ఫారెల్ రికార్డుల్లో పాడలేదు, ఆ మగ గొంతు ఫారియన్‌దే. 1978 డిసెంబరులో బృందం మాస్కో వెళ్లి కచేరీ చేసింది కానీ అక్కడ ఈ పాట పాడలేదు. ఇంకో చిత్రం: ఫారెల్ 2010 డిసెంబర్ 30న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చనిపోయాడు. అసలు రస్‌పుటిన్ హత్య జరిగింది అదే నగరంలో, 1916లో, అదే తేదీన. పెద్దల మోకాళ్లు తలుచుకుని దీన్ని 'సెప్టెంబర్' తర్వాతే పెట్టండి. ఒకే పాటకు చోటుంటే మాత్రం 'సెప్టెంబర్'.

నడినెత్తిన: 'ఐ ఫీల్ లవ్' లేక 'బ్లూ మండే'?

అసలు ఎంపిక ఇక్కడే. నలభై నిమిషాలు గడిచాక, ఆడేవాళ్లు చెమటతో, ఆడనివాళ్లు ఇళ్లకు పోయాక, ఒక పొడవైన పాట కావాలి. అక్కడ మాటలకు పనిలేదు.

'ఐ ఫీల్ లవ్' 1977లో మ్యూనిక్ నగరంలో పుట్టింది. డోనా సమ్మర్ గొంతు, జార్జియో మొరోడర్, పీట్ బెలొట్ నిర్మాణం. 'ఐ రిమెంబర్ యెస్టర్‌డే' అనే ఆల్బమ్‌లో ఒక్కో పాటను ఒక్కో కాలపు శైలిలో చేసి, చివరి పాటను భవిష్యత్తుకు వదిలేశారు. అలమర అంత మూగ్ సింథసైజర్ మీద వాద్యాలన్నీ కట్టారు. యంత్రం ఇచ్చిన బేస్ డ్రమ్‌లో బలం చాలకపోవడంతో అదొక్కటీ కీత్ ఫోర్సీ చేత కాలితో వాయించారు. ఇందులో దగ్గరగా వినాల్సింది బేస్ బాణీ. ప్రతి స్వరమూ ఎడమ స్పీకర్‌లో ఒకసారి పడి, దాని ప్రతిధ్వని కుడి స్పీకర్‌లో కాస్త ఆలస్యంగా పడుతుంది. రెండూ కలిస్తేనే ఆ పరుగు. హాల్లో వైర్లు కట్టినవాళ్లు ఒకవైపు ధ్వనినే అన్ని పెట్టెలకూ పంపితే సగం స్వరాలు పోయి పాట కుంటుతుంది. కాబట్టి ఈ పాట పెట్టాలనుకుంటే ముందే ఎడమ, కుడి రెండూ వస్తున్నాయో లేదో చెవి పెట్టి చూసుకోండి. ఒకే చిన్న బ్లూటూత్ స్పీకర్ అయితే రెండూ కలిసే వస్తాయి, పరుగు మిగులుతుంది, గది చుట్టూ తిరిగే మాయ మాత్రం పోతుంది.

'బ్లూ మండే' 1983 మార్చిలో మాంచెస్టర్ బృందం న్యూ ఆర్డర్ విడుదల చేసింది. ఏడున్నర నిమిషాలు, రికార్డు మీద పన్నెండు అంగుళాలు. పీటర్ సావిల్ దాని అట్టను కంప్యూటర్ ఫ్లాపీ డిస్క్‌లా కత్తిరించాడు. పన్నెండు అంగుళాల రికార్డుల్లో ఎక్కువగా అమ్ముడైనదిగా దీన్నే చెబుతారు. ఓబర్‌హైమ్ డీఎంఎక్స్ డ్రమ్ యంత్రం తుపాకీ పేల్చినట్టు మొదలుపెడుతుంది. గొంతు వినపడేసరికి రెండు నిమిషాలు దాటుతుంది. స్వరాలను గుర్తుపెట్టుకుని వరుసగా వాయించే సీక్వెన్సర్ యంత్రంలో వాటిని ఎక్కిస్తూ జిలియన్ గిల్బర్ట్ ఒక స్వరం వదిలేయడంతో బాణీ దరువు నుంచి కొంచెం పక్కకు జరిగింది. అలాగే ఉంచేశారు. యంత్రం తప్పు చేయదంటారు కదా, ఇక్కడ మనిషి చేసిన తప్పును యంత్రం ఏడు నిమిషాల పాటు తూచా తప్పకుండా పాటిస్తుంది. పాటలోని వింత ఆకర్షణ సగం అదే. మధ్యలో వచ్చే బృందగానపు ధ్వని జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ రికార్డు నుంచి తీసుకున్నది.

రెండింటిలో నా ఎంపిక 'ఐ ఫీల్ లవ్'. న్యూ ఆర్డర్ పాటను నేను ఇంట్లో ఎక్కువసార్లు వింటాను, అది వేరే సంగతి. సమ్మర్ గొంతు యంత్రం మీద మేఘంలా తేలుతుంది కాబట్టి ఆడేవాళ్లు కళ్లు మూసుకుని నవ్వుతూ ఆడతారు. న్యూ ఆర్డర్ గాయకుడు బెర్నార్డ్ సమ్నర్ గొంతులో నవ్వు ఉండదు, తల దించుకుని ఆడాల్సిన పాట అది. ముప్పైలోపువారు, టెక్నో విన్నవారు ఎక్కువ ఉంటే 'బ్లూ మండే'కు తిరుగులేదు. రెండూ పెట్టే సమయం ఉంటే మొదట మ్యూనిక్, తర్వాత మాంచెస్టర్. వేగం 127 నుంచి 130కి సహజంగా ఎక్కుతుంది, డిస్కో నుంచి సింథ్-పాప్‌లోకి గీత కూడా అక్కడే దాటతారు. ఆ వేగం దగ్గరే డెడ్ ఆర్ అలైవ్ బృందపు 'యూ స్పిన్ మి రౌండ్' దీని వెనక చక్కగా కూర్చుంటుంది. స్టాక్, ఎయిట్‌కెన్, వాటర్‌మన్ అనే నిర్మాతల త్రయానికి 1985 మార్చిలో బ్రిటన్‌లో మొదటి స్థానం మొదటిసారి తెచ్చిన పాట అది.

పేరుకు లొంగి పెట్టకూడనివి

'టేక్ ఆన్ మి' అందరికీ ఇష్టం. పెన్సిల్ గీతల వీడియో చూడనివాళ్లు లేరు. నార్వే బృందం ఆ-హా 1984లో మొదటి రూపం విడుదల చేస్తే ఆడలేదు, మళ్లీ రికార్డు చేసిన రూపం 1985లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. దాని వేగం 169. పూర్తి వేగంతో ఆడితే గెంతులు, సగం వేగంతో ఆడితే ఊగులాట. పల్లవి చివర గాయకుడు మోర్టెన్ హార్కెట్ అందుకునే పై స్వరాన్ని అందుకోబోయి హాలంతా కీచుమంటుంది. సరదాకు ఒకసారి, ఆట మధ్యలో విరామం ఇవ్వదలచినప్పుడు.

సాఫ్ట్ సెల్ వారి 'టెయింటెడ్ లవ్' (1981) కూడా 144 వేగం. ఇది గ్లోరియా జోన్స్ అరవయ్యో దశకంలో పాడిన పాటకు యంత్రాల రూపం. ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బుల్లో ఆ పాత రికార్డును ప్రాణంగా ఆడేవారు. రెండు దెబ్బల ఆ సంతకం పడగానే చప్పట్లు వస్తాయి, ఆ చప్పట్ల కోసమైనా పెట్టవచ్చు, రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి ప్రమాదమూ లేదు. పెట్ షాప్ బాయ్స్ 'వెస్ట్ ఎండ్ గర్ల్స్' మాత్రం రాత్రి కారులో వినే పాట, డ్యాన్స్ హాల్లో దానికి పనిలేదు.

దీనికి ఎదురుగా యురిథ్మిక్స్ 'స్వీట్ డ్రీమ్స్' (1983) ఉంది. చూడటానికి అది కూడా ముభావంగా కనిపించే పాటే. లండన్‌లో ఫోటోలకు చట్రాలు కట్టే దుకాణం పైగదిలో, ఎనిమిది ట్రాకుల యంత్రం మీద, పాల సీసాల్లో నీళ్లు పోసి శ్రుతి చేసి వాయించి రికార్డు చేశారు. 126 దగ్గర మొదటి దెబ్బ నుంచే అడుగు పడుతుంది. సింథ్-పాప్ అంటే ముఖం ముడుచుకునేవాళ్ల కోసం ఒక్క పాట పెట్టాలంటే ఇదే పెట్టండి.

పెద్దలున్న చోట డోనా సమ్మర్ పేరు చూసి 'లవ్ టు లవ్ యూ బేబీ' (1975) పెట్టేస్తారేమో, జాగ్రత్త. దాదాపు పదిహేడు నిమిషాల మూలుగుల పాట అది, బీబీసీయే ప్రసారం చేయనంది.

మనవాళ్ల గుంపు అయితే

తెలుగువాళ్లు, మొత్తంగా భారతీయులు ఎక్కువగా ఉన్న చోట లెక్క కొంచెం మారుతుంది. ఎనభైల్లో ఇక్కడ క్యాసెట్ల మీద తిరిగింది న్యూ ఆర్డర్ కాదు, బోనీ ఎం, మోడరన్ టాకింగ్. ఆ జర్మన్ జంట పాట 'బ్రదర్ లూయీ' (1986) అమెరికా జాబితాల్లో కనిపించదు, మన యాభై ఏళ్లవాళ్ల నోట మాత్రం ఇప్పటికీ ఆడుతుంది. వేగం 110లోపే కాబట్టి మొదటి పావుగంటలో 'గుడ్ టైమ్స్' స్థానంలో పెట్టేయండి, ఎవరూ షీక్ కోసం అడగరు. అక్కడి నుంచి హిందీలోకి, తెలుగులోకి దాటాలంటే వంతెన సిద్ధంగానే ఉంది. బెంగళూరులో పుట్టిన బిద్దు లండన్‌లో 1974లో 'కుంగ్ ఫూ ఫైటింగ్' నిర్మించాడు, అదే మనిషి 1980లో 'కుర్బానీ' చిత్రం కోసం పదిహేనేళ్ల నాజియా హసన్ చేత 'ఆప్ జైసా కోయీ' పాడించాడు. ఇక 1985 'దొంగ' చిత్రంలో చక్రవర్తి బాణీకి చిరంజీవి ఆడిన 'గోలీమార్' ఎక్కడి నుంచి వచ్చిందో 'థ్రిల్లర్' వీడియో చూసిన ప్రతివాడికీ తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, హాలు పైకప్పు లేచిపోతుంది.

పాట సరే, ఏ రూపం?

పాట ఎంచుకున్నాక సగం మంది దెబ్బతినేది ఇక్కడే. పాటల యాప్‌లో 'ఐ విల్ సర్వైవ్' అని వెతికితే వరుసగా పది రూపాలు వస్తాయి. ఆ కాలపు గాయకులు చాలామంది తమ హిట్‌లను తర్వాతి దశాబ్దాల్లో మళ్లీ పాడి రికార్డు చేశారు. గొంతు అదే, అట్ట మీద పేరూ అదే, కానీ వెనక వాద్యాలు చౌకబారు కీబోర్డువి. తెలియక అది పెడితే ఏదో తేడా ఉందని అందరికీ అనిపిస్తుంది, ఏమిటో ఎవరూ చెప్పలేరు. మళ్లీ రికార్డు చేసినది అని పేరు పక్కన చిన్న అక్షరాల్లో ఉందేమో చూడండి, పాట ఏ ఆల్బమ్‌లోదో, అది ఏ ఏడాదిదో చూడండి. పాత పాటల సంకలనాల్లో ఈ బెడద ఎక్కువ.

నిడివి రెండో సంగతి. రేడియో కోసం కోసిన రూపం మూడు, నాలుగు నిమిషాలు. పన్నెండు అంగుళాల రూపం ఆరు నుంచి ఎనిమిది. న్యూయార్క్ మిక్సింగ్ నిపుణుడు టామ్ మౌల్టన్ డెబ్బైల మధ్యలో డ్యాన్స్ కోసం పాటలను సాగదీయడం మొదలుపెట్టాడు. గొంతు ఆగిపోయి దరువు, బేస్ మాత్రమే మిగిలే ఆ మధ్యభాగమే ఆడేవాళ్లకు అసలు పండగ. అయితే మీ దగ్గర మిక్సర్, పాటలు కలిపే మనిషి లేకుండా ఫోను నుంచే వేస్తున్నట్టయితే మొదటి అరగంటంతా చిన్న రూపాలే వాడండి. జనం ఇంకా కుదురుకోని వేళ ఎనిమిది నిమిషాల పాట భారం. పొడవు రూపాలు 'ఐ ఫీల్ లవ్' దగ్గర మొదలుపెట్టండి. దానికి ప్యాట్రిక్ కౌలీ చేసిన దాదాపు పదహారు నిమిషాల రూపం ఒకటుంది. అది విన్నాక అసలు పాట పొట్టిగా అనిపిస్తుంది, కానీ నిజంగా ఆడేవాళ్లు పాతికమంది మిగిలితే తప్ప దాని జోలికి పోవద్దు. 'బ్లూ మండే' మాత్రం ఏడున్నర నిమిషాల అసలు రూపమే పెట్టాలి. నిర్మాత క్విన్సీ జోన్స్ చేయి పడిన 1988 రూపం చిన్నది, మెరుపు ఎక్కువ, ఆ మొరటుతనం లేదు.

డిస్కో పాటలను ఒకదానిలోంచి ఒకటి కలుపుదామని ఉబలాటపడకండి. మనిషి వాయించిన దరువు రెండు పాటల్లోనూ కదులుతూ ఉంటుంది, పది సెకన్లకే అడుగులు తప్పుతాయి. ఒకటి ముగిశాక చప్పున రెండోది అందుకోవడమే మేలు. 1980 తర్వాతి యంత్రాల పాటలను ఎంతసేపైనా ఒకదాని మీద ఒకటి నడపవచ్చు.

ఆఖరి పాట

ముగింపుకు అలవాటుగా అందరూ డోనా సమ్మర్ 'లాస్ట్ డాన్స్' (1978) పెడతారు, పేరులోనే ఉంది కాబట్టి. పాల్ జబారా రాసిన ఈ పాటకు సినిమా పాటగా ఆస్కార్ వచ్చింది. నెమ్మదిగా మొదలై వేగమందుకుంటుంది, పొడవు రూపంలో మధ్యలో మళ్లీ నెమ్మదిస్తుంది, జనం అయిపోయిందనుకుని విడిపోతుండగా తిరిగి లంకించుకుంటుంది. ఆ మోసమే పాటలోని సొగసు, చిన్న రూపంలో అది ఉండదు. పొడవు రూపం దొరకకపోతే దీన్ని వదిలేసి 'డాన్సింగ్ క్వీన్'ను మొదటి పావుగంట నుంచి తీసి ఇక్కడికి తెచ్చుకోండి, ఖాళీ అయిన చోట 'బ్రదర్ లూయీ' కూర్చుంటుంది. 130 దగ్గర నుంచి ఒక్కసారిగా 100కు దిగడం ఈ ఒక్కచోట తప్పు కాదు. అప్పటికి అందరి కాళ్లూ నొప్పులే, పాడటానికి గొంతులు మాత్రం మిగిలి ఉంటాయి.